గోపురాన్ని నిటారుగా నిలబెట్టిన ఆదివారాలు

“ఒక్క మాట ముందే చెబుతున్నాను. గంటలు మోగేటప్పుడు మన గోపురం ఊగుతుందా లేదా అని మాత్రం నన్ను అడగొద్దు. అది తప్ప ఏదైనా అడగండి.”

చర్చి గంటలు మోగించే సాధన ముగిశాక, ఎదుటనే ఉన్న హిల్డా నడిపే పబ్బులో ఆంబ్రోస్ థర్టిల్ గారు బీరు గ్లాసు బల్లమీద పెట్టి ఇలా అనేసరికి, అందరూ కుర్చీలు దగ్గరకు లాక్కున్నారు. ఇంగ్లండులోని ఆ నార్‌ఫక్ పల్లెలో గంటలు మోగించే జట్టుకు ఆయనే పెద్ద. గోపురం ఊగుతుందా అని అడుగుతూ, ఊగుతున్నట్లు తేలితే గంటలు ఇక మోగకుండా శాశ్వతంగా కట్టివేస్తామని ఇంజనీరు ఆయనకు ఉత్తరం రాసిన సంగతి ఊరంతటికీ తెలుసు.

“వందల ఏళ్ల కిందట గోపురం నడుము దాకా లేచేసరికి మహమ్మారి వచ్చి మేస్త్రీలను ఊడ్చేసింది. పై సగం వాళ్ల మనవలు కట్టారు. అందుకే ఆ వంపు. నా కుర్రతనంలో మరీ ఘోరం, పడమటికి ఒరిగిపోయి ఉండేది. ఓ ఈస్టరు పొద్దున పెద్దగంట తాడు పట్టి ఒక్క గుంజు గుంజాను. వెంట్రుకవాసి తూర్పుకి జరిగింది!”

“ఆ వెంట్రుక నీ తలదేనా, పెద్దాయనా?” రెండో గంట తాడు లాగే క్లెమ్ ఆయన బట్టతల వంక చూశాడు.

“నోర్మూసుకుని విను. ఆదివారం ఆదివారం గుంజాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? క్రిస్మస్ నాటికి గోపురం నిటారుగా లేచింది, అక్కడితో ఆగిందా, తూర్పుకి వాలి చర్చి కప్పును భుజంతో తోసింది! కప్పు కూలాలి కదా? దూలాల మీది చెక్క దేవదూతలున్నారే, వందల ఏళ్లుగా కదలని ఆ రెక్కలు, ఎప్పటిదో యుద్ధంలో సైనికుల తూటాలు దిగిన రెక్కలు, ఒక్కసారిగా విప్పారు! ఆ గాలికి కొవ్వొత్తులన్నీ ఆరిపోయాయి. కప్పును అలా గాల్లో ఎత్తి పట్టుకున్నారయ్యా! కింద సమాధి మీద పడుకున్న రాతి దొర లేచి కూర్చున్నాడు. ఆయన కాళ్ల దగ్గరి రాతికుక్క మొరిగింది.”

ఎవరూ నవ్వలేదు. హిల్డా గ్లాసు తుడవడం మరచిపోయింది.

“మరి గోపురం?” అన్నాడు క్లెమ్, గొంతు తగ్గించి.

“ఉయ్యాల్లో పసిబిడ్డను ఊపినట్టు తాడుతో అటూ ఇటూ ఊపి, మెల్లగా దాని చోట నిలబెట్టాను. రాయి రాయిలోని ఆ కదలిక అరచేతికి తెలుస్తుందిరా. మొన్న ఆదివారం కూడా తెలిసింది.”

“అయితే ఊగుతుందన్నమాట,” అంది హిల్డా.

థర్టిల్ గారు తన అరచేతుల వంక చూసుకున్నారు. కాసేపటికి క్లెమ్ లేచి, అడక్కుండానే ఆయన గ్లాసు నింపించి తెచ్చాడు.

“నేనేమీ వినలేదు,” అన్నాడు.

“నాకూ సరిగా వినపడలేదులే,” అంది హిల్డా.

ఆ ఆదివారం గంటలు మోగాయి. ఇంజనీరు ఉత్తరంలో ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. థర్టిల్ గారు దానికి ఏనాడూ జవాబు రాయలేదు.