ఏంది అనొద్దన్న సారు

సకల జనుల సమ్మె రోజులు. హైటెక్ సిటీలో సెక్యూరిటీ డ్యూటీ దిగిన శిష్యుడు కొండాపూర్‌లోని యాక్టింగ్ క్లాసుకు వచ్చాడు. తన మాటను రోజూ తప్పుపట్టే ఈ చదువు ఇక వద్దని తెగేసి చెప్పడానికే వచ్చాడు. కానీ సినిమాల్లో తెలంగాణ రౌడీ వేషాలకు పేరుపడ్డ మాస్టారు ఫోన్‌లో మాట్లాడుతుంటే విని, గుమ్మంలోనే బిగుసుకుపోయాడు.

"సార్, గిప్పుడు ఫోన్ల..."

"మా అమ్మ, బాబూ."

"'అవ్వా, బస్సుల్లేవు, జర పైలం' అన్నరు! మీది కోస్తా కాదా?"

"జనగామ పక్కన."

"మరి 'ఏంది' అంటే తప్పు, 'ఏమిటండీ' అనాలని నన్ను ఆర్నెల్లు సతాయించిన్రు గద సార్!"

"వేషాలు రావాలంటే అలాగే అనాలి. నేనూ అలాగే నేర్చుకున్నాను."

"గా రౌడీ వేషాలల్ల మాట్లాడింది మీ సొంత మాటేనా?"

"మొదటి షాటులో ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాను. ఇది తెలంగాణలా లేదయ్యా అని డైరెక్టరు ఆపేశాడు. మన తెలంగాణ వైపు ఎన్నడూ రాని అసిస్టెంటు ఒకతను పక్కన కూర్చుని నేర్పాడు."

"మన మాట... మీకు ఆయన నేర్పిండా!"

"ఆ సినిమా మా అమ్మ చూసింది. పెట్టుడు గడ్డంలో నన్ను పోల్చుకోలేదు. 'ఎవడు కొడుకా వాడు, మనల్ని గట్ల ఎక్కిరిస్తుండు?' అని నన్నే అడిగింది."

"మీరేమన్నరు సార్?"

మాస్టారు చేతిలోని ఫోన్ వైపు చూశారు.

"ఎవడో నాకు తెల్వదని చెప్పిన, బిడ్డా."