బిషప్పుగారిని దాటిన బగ్గీ

ఆదివారం ప్రార్థనకు వెళుతున్న, కార్లూ ఆడంబరాలూ కూడదనే ఆమిష్ క్రైస్తవ దంపతుల గుర్రపుబగ్గీ, ముందు పోతున్న బిషప్పుగారి బగ్గీని దాటి దూసుకుపోయింది. ఆవిడ భర్త మోచెయ్యి పట్టుకుంది.

“పందేలు మానేసిన స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రం గోవులాంటిదన్నారుగా?”

“గోవేనే! నిన్న కూరమడి దున్నలేదూ? పిల్లలు పొట్టకింద దూరినా కదిలిందా? లారీ హారన్ కొట్టినా చెవి ఆడించదు.”

“మరిదేంటండీ?”

“ముందు ఇంకో గుర్రం పిర్ర కనబడితే మాత్రం ఓర్చుకోలేదు.”

“అచ్చం మీ మేనత్తే! గర్వమొచ్చిందని సంఘం ముందు మోకాళ్ళమీద కూర్చోబెడతారు మనల్ని. పగ్గాలు లాగండి!”

“లాగుతూనే ఉన్నా! బిషప్పుగారు కోపంగా ఉన్నారా, చూడు.”

ఆవిడ టోపీ పట్టుకుని వెనక్కి తొంగిచూసింది.

“లేచి నిలబడి అరుస్తున్నారండీ.”

“ఆగమనా?”

“మనతో కాదు, తన గుర్రంతో. ‘దాటెయ్ తల్లీ, దాటెయ్!’ అని. మీరింకా పగ్గాలు లాగుతారేం? వదలండి!”