గెడ్డ మీద పైడిరాజు కట్టిన వంతెన

కాటా పైడిరాజు ఆ ఆదివారం తెల్ల పేంటు వేసుకుని, దువ్విన జుట్టే మళ్లీ దువ్వుకుని, బెల్లం మార్కెట్ వెనకాల మరిడమ్మ టీ కొట్టుకి అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు. అతని జేబులో ఎర్ర తాడొకటి ఉంది. మెళ్లో వేసుకునే కార్డుకి తగిలించుకునే తాడు. కార్డు ఇంకా చేతికి రాలేదు గానీ తాడు మాత్రం ముందే కొనేసేడు.

కార్డంటే ‘మన ఊసు’ వాళ్లిచ్చే కార్డు. ‘మన ఊసు’ అన్నది ఊళ్లోవాళ్లే జీతం భత్యం లేకుండా తమ ఫోన్లలో నడుపుకునే వార్తల పేజీ. ట్యూషన్లు చెప్పే నాగజ్యోతి దానికి పెద్ద. కశింకోట వైపు ఒకరిని విలేకరిగా పెడతాననీ, ఎవరన్నదీ ఇవాళ తేలుస్తాననీ చెప్పింది. మార్కెట్లో ఇరవై రెండేళ్లుగా బెల్లం దిమ్మలు తూస్తున్న పైడిరాజుని ‘ఒరే కాటా’ అని తప్ప పిలిచిన పాపాన పోయినవాడు లేడు. ఒక్కసారి, పోయేలోగా ఒకే ఒక్కసారి, ఎవరైనా ‘విలేకరి గారూ’ అంటే చెవులారా వినాలని అతని ప్రాణం కొట్టుకుపోతోంది.

నాగజ్యోతి వచ్చి సంచిలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. పైడిరాజు జేబులో తాడు తడుముకున్నాడు. పక్కన అతని బావ సత్తియ్య కూర్చున్నాడు. ఇల్లు కట్టుకుంటున్నాడేమో, తలనిండా సిమెంటు దుమ్మే. మరిడమ్మ స్టవ్ దగ్గర నిలబడి చీర కుచ్చిళ్లు పిండుకుంటోంది.

“బాబాయ్, రెండు రోజులు పెళ్లికెళ్లి వచ్చేసరికి ‘మన వార్తకు స్పందన’ అని పెట్టేసేవు. గెడ్డ మీద కల్వర్టు బాగైపోయిందా?” అంది నాగజ్యోతి.

కశింకోట అవతల గెడ్డ మీద, అంటే వాగు మీద, కల్వర్టు వానలకి కుంగిపోయింది. షేర్ ఆటోలు ఇవతలే ఆగిపోతున్నాయి. ఆ సంగతి పైడిరాజుకి చెప్పింది ఆ అవతలి ఊరి మనిషి మరిడమ్మే. అతను రాసేడు, పేజీలో వచ్చింది. మొన్న ఆటోలో పోతూ గెడ్డ ఒడ్డున కంకర కుప్ప చూసేడు. దిగుదామంటే బురద, కాళ్లకి కొత్త చెప్పులు. ఆటోలోంచే ఫొటో తీసి, పని మొదలైందని తనకి తనే అనుకుని, బాగైపోయినట్టే పెట్టేసేడు. ఇప్పుడేమో ఎదురుగా కార్డుంది.

“బాగవ్వడమా? నాదేముందమ్మా, నాలుగంటే నాలుగు ముక్కలు రాసేను. రాసి, బటన్ నొక్కి, టీ గ్లాసు ఎత్తేనో లేదో, వెయ్యిమంది సూసీసేరు. గ్లాసు దించేసరికి పదివేలు. రైల్వే గేటు దాటేసరికి లెక్క కనబడ్డం మానీసింది, అంకెలు పట్టక.”

“అబ్బో!” అన్నాడు సత్తియ్య.

“అబ్బో అనకు బావా, అసలు సంగతి ఇప్పుడే మొదలైంది. రావికమతం నుంచి ఫోను, చీడికాడ నుంచి ఫోను, దుబాయి నుంచి ఫోను. నా ఫోను కాలిపోతంది, సెయ్యి పట్టనివ్వదు. ఏటి సేత్తాను? పక్కనే మావోళ్లు బెల్లం వండుతున్నారు. తీసికెళ్లి పెనం కింద పెట్టీసేను. ఆ తర్వాత ఏటైందో తెలుసా?”

“ఏటైంది?”

“సెరకు రసం మరిగి పాకం వచ్చీసింది! పిప్పి లేదు, కట్టె లేదు. ఒక్క ఫోను మీద నాలుగు దిమ్మలు దిగేయి. నేనే కాటా ఏసేను, నాకు తెలీదా?”

“మరి ఫోను బతికిందా?”

“బతకడమేటి, ఆ వేడికి ఛార్జింగు నిండిపోయింది!”

సత్తియ్య మీసాల చాటున నవ్వుకున్నాడు. నాగజ్యోతి నవ్వలేదు, పెన్ను తీసింది. ఆ పెన్ను చూడగానే పైడిరాజుకి ఊపొచ్చేసింది. ఇంకొక్క మెట్టు ఎక్కితే పేరు రాసేస్తుందనిపించింది.

“మర్నాడు తెల్లారీసరికి మా ఇంటి ముందు జీపులు. ఇంజినీరు నోట్లో బ్రష్షు తియ్యకుండా వచ్చీసేడు పాపం, నురగతోనే మాటాడతన్నాడు. ‘పైడిరాజు గారూ, తప్పైపోయింది, వంతెన ఎంత వెడల్పు కావాలో సెలవియ్యండి’ అన్నాడు. నేను మొహమాటస్తుణ్ని కదా, ‘రెండు రైళ్లు ఎదురెదురుగా పోతే చాలండి’ అన్నాను. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ‘ఇంత తక్కువ అడిగిన విలేకరిని నా సర్వీసులో సూడలేదు’ అన్నాడు.”

“కట్టీసేరా మరి?”

“గంటన్నర! నూటపద్దెనిమిది లారీలు ఒచ్చేయి. అయితే ఒక్కటే సిక్కు. సిమెంటు గట్టిపడదు. పోస్తన్నారు, జారిపోతంది. మేస్త్రీలు తలలు పట్టుకున్నారు. అందరూ నాకేసి సూసేరు. నేను ముందుకెళ్లి, గొంతు సవరించుకుని, నా వార్త గట్టిగా సదివేను. మొదటి ముక్కకే సిమెంటు బిగిసింది. రెండో ముక్కకి రాయైపోయింది. మూడోది సదవబోతే ‘వద్దు బాబూ, తాపీలు అతుక్కుపోతన్నాయి’ అని మేస్త్రీలు కాళ్లట్టుకున్నారు.”

మరిడమ్మ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడికి టీ తొణికింది. పైడిరాజు తల కూడా తిప్పలేదు.

“ఆ వంతెన ఎంత నున్నగా ఉందంటే, విశాఖపట్నం దిగాల్సిన విమానం పైనుంచి సూసి, ఇదే బాగుందని దాని మీదే దిగింది. అందులోవాళ్లు టీ తాగి మరీ వెళ్లేరు. ఎవరి కొట్లో? మన మరిడమ్మ పిన్ని కొట్లోనే!”

“నేనెప్పుడు పోసేనురా?” అంది మరిడమ్మ. గొంతు గరుకుగా ఉంది.

“నువ్వు బిజీగా ఉన్నావులే పిన్నీ. ఇంతకీ ఆఖరిది వినండి. గెడ్డ పారుకుంటా ఒచ్చి, వంతెన కాడ ఆగిపోయింది. నీళ్లు నిలబడిపోయేయి. అంత వంతెన ఎప్పుడూ ఎరగదు కదా, దానికి భయం. నాకేసి తిరిగి, ఏటడిగిందో తెలుసా? ‘విలేకరి గారూ, నన్ను కిందనుంచి పొమ్మంటారా, పైనుంచి పొమ్మంటారా?’ అనడిగింది!”

ఆ ‘విలేకరి గారూ’ అన్న మాట తన నోటితో తనే అనుకున్నా పైడిరాజు ఒళ్లు పులకరించింది.

“పైనుంచే పోతందిరా,” అంది మరిడమ్మ.

అందరూ ఆమెకేసి తిరిగేరు. ఆమె స్టవ్ వదిలి ముందుకొచ్చి చీర అంచు ఎత్తి చూపించింది. మోకాలి దాకా తడి, దాని కింద ఎర్ర బురద.

“ఇయ్యాళ పొద్దున్న కూడా పైనుంచే పోయింది. నెత్తి మీద పాల కేను పెట్టుకుని దాటేను. శుక్రారం కాలు జారి సగం పాలు గెడ్డలో కలిసిపోయేయి. వార్త నువ్వు రాసేవు కదా, ఎవరో ఒకరు ఒత్తారు, సేత్తారని రోజూ రోడ్డుకేసి సూత్తన్నాను. బాగైపోయిందని పెట్టీసేవా? బాగైపోయిందని సదివినాక ఇంకెవడొత్తాడురా?”

స్టవ్ మీద పాలు పొంగేయి. సత్తియ్య లేచి మంట తగ్గించి, మెల్లిగా అన్నాడు. “ఆ కంకర మా స్లాబుకి తెప్పించింది బావా. లారీ ఇవతలే ఆగిపోతే అక్కడే దింపించీసేను. నీ విమానం దిగీదాకా సూద్దామని ఊరుకున్నాను.”

నాగజ్యోతి ఎప్పుడూ ప్రతి వార్తకీ అడిగే మూడు ప్రశ్నలూ మొదలెట్టింది. కోపంగా కూడా అడగలేదు.

“నువ్వు చూసేవా బాబాయ్?”

“ఆటోలోంచి.”

“ఇంకెవరు చూసేరు?”

పైడిరాజు తన కొత్త చెప్పులకేసి చూసుకున్నాడు. మూడోది, వాళ్ల ఫోన్ నంబరేదన్నది, ఆమె అడగబోయి మానేసింది. అతనికి తెల్ల పేంటు ఒంటి మీద బరువైపోయింది. కథ అయితే ఏదో ఒకటి అల్లేసేవాడే గానీ, ఆ తడి అంచుకేం చెప్పాలో అతనికి తోచలేదు.

“తప్పైపోయింది పిన్నీ,” అన్నాడు.

నాగజ్యోతి కార్డు దగ్గరికి లాక్కుని పేరు రాసింది. అతను చూడకూడదనుకుంటూనే చూసేడు. మరిడమ్మ అని ఉంది.

“నాకెందుకమ్మా, నాకు రాయడం రాదు,” అంది మరిడమ్మ కంగారుపడి.

“రాయడం నేను రాస్తాను. నువ్వు రోజూ దాటుతున్నావు, చూస్తున్నావు, చెప్పు చాలు. మొదటి వార్త సవరణ. కల్వర్టు బాగవ్వలేదు అని,” అని నాగజ్యోతి సంచంతా వెతికింది. “కార్డుకి తాడు తేవడం మర్చిపోయేనే!”

పైడిరాజు జేబులో చెయ్యి పెట్టి, ఎర్ర తాడు తీసి, చిక్కులు విప్పి, కార్డుకి తగిలించి ఇచ్చేడు.

మరిడమ్మ దాన్ని మెళ్లో వేసుకుని, తడి కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, అతని ముందు వేడి టీ పెట్టింది.

“వార్తకి రెండో మనిషి సాక్షి ఉండాలి కదా నాగజ్యోతమ్మా?”

“ఉండాలి.”

“అయితే ఒరే పైడిరాజూ, రేపు పొద్దున్న ఐదున్నరకి గెడ్డకాడికి ఒచ్చీ. కేను నువ్వు మోద్దువుగాని. ఈ తెల్ల పేంటు మాత్రం ఏసుకు రాకు నాయనా, నీ వంతెన మోకాలి లోతుంది.”