ఆ సోమవారానికి పేరు పెట్టిన లూవీనియక్క

ఏమన్నావ్? సోమవారం కలిసొచ్చి వరసగా మూడు రోజులు సెలవా? అంతేనా దాని పేరు? కూర్చో అమ్మాయ్, కూర్చో. ఆ రోజుని దాని పేరుతో పిలవడానికి మన ఊళ్ళో ఎంత గొడవైందో నీకెవరూ చెప్పలేదా? లూవీనియా గాడ్‌బోల్ట్ అని, బడి వంటశాల ఆవిడ రాజ్యం. నాకంటే పదేళ్ళు పెద్ద. మనిషి ఇంతే ఉండేది, నా భుజం దాకా. గొంతు మాత్రం, అబ్బో, వంటింట్లో కేకేస్తే మైదానంలో బంతి ఆగిపోయేది! నేనప్పుడు బడి బస్సు తోలేవాణ్ణి. పసుప్పచ్చ బండి, రెండో గేరు పడేది కాదు, పోనీలే, ఆ గోల ఇప్పుడెందుకు.

మన నల్లవాళ్ళ హక్కుల కోసం కొట్లాడి ప్రాణాలిచ్చిన కింగ్ గారి పేరు మీద దేశమంతా సెలవిచ్చేశారా, మన ఊరి పెద్దలకి ఆ పేరు గొంతు దిగలేదు. కూర్చుని, ఆలోచించి, చించి, ‘శీతాకాల సెలవు’ అని పెట్టారు. జార్జియాలో మనకి శీతాకాలమెంత, దానికో పండగెంత! మనవాళ్ళు గొణుక్కుని ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను, అబద్ధమెందుకు. లూవీనియక్క ఊరుకోలేదు. నెలకోసారి బడి భోజనాల కాగితం ఆవిడే రాసి ఇంటింటికీ పంపేది. మంగళవారం చికెన్, బుధవారం చిక్కుళ్ళు, అట్లాగన్నమాట. ఆ జనవరి కాగితంలో మూడో సోమవారం ఎదురుగా ఏం రాసిందో తెలుసా? ‘డాక్టర్ కింగ్ గారి రోజు. వంట లేదు.’ అంతే! ఆరొందల ఇళ్ళల్లో, తెల్లవాళ్ళ ఇళ్ళతో సహా, ఫ్రిజ్ తలుపుల మీదికెక్కేసింది!

బడుల పెద్ద విట్లాక్ దొర పిలిపించాడు. “లూ, పొరపాటు పడినట్టున్నావ్, దిద్ది మళ్ళీ పంపించు” అన్నాడంట, ముక్కుతో మాట్లాడేవాడులే. ఈవిడేమందంటే, “అయ్యా, మా అమ్మ నాకు లూవీనియా అని పేరు పెట్టింది. మీకు పొడుగైందని లూ చేశారు, ఇరవై ఏళ్ళు పలికాను. నా పేరు కోసుకున్నారు సరే. ఆయన పేరు కొయ్యనివ్వను.” ఆయన ముఖం బీట్‌రూట్ అయిపోయింది. అయితే అసలు సెలవే లేదు పో, సోమవారం బడి తెరుస్తాం, రానివాళ్ళకి ఉద్యోగం లేదు అన్నాడు.

సోమవారం నేను బస్సు తీశాను. ఆఁ, తీశాను! అట్లా చూడకు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. మొదటి మలుపు దగ్గర ఆపితే ఒక్కరూ ఎక్కలేదు. ఆదివారం బట్టలేసుకుని గుమ్మాల్లో నిలబడి నాకు చేతులూపుతున్నారు! రెండోచోటా అంతే, మూడోచోటా అంతే. ఖాళీ బస్సు అంత చప్పుడు చేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. చర్చి మలుపు తిరిగానా, రోడ్డుకి అడ్డంగా లూవీనియక్క! వెనకాల వంటశాల ఆడవాళ్ళు, వాళ్ళ వెనకాల వందల మంది. అయిపోయాన్రా దేవుడా, తిడుతుంది అనుకున్నా. తిట్టలేదు. “ఒరేయ్ హోజియా, ఊరేగింపులో కోర్టు దాకా నడవలేని ముసలాళ్ళు పద్నాలుగు మందున్నారు. నీ బండి ఎట్లాగూ ఖాళీయేగా?” అంది. ఇంకేమడగలేదు. నా చెయ్యి దానంతటదే తలుపు మీట లాగేసింది! ముసలమ్మలు టోపీలు సర్దుకుంటూ ఎక్కారు, కిటికీల్లోంచి పాటలు, నేను హారన్ మీంచి చెయ్యి తీస్తే ఒట్టు! విట్లాక్ దొర బడి మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. చూడనీ అన్నాను. ఆ ఒక్క మైలూ తోలినట్టు జన్మలో మళ్ళీ బండి తోల్లేదు.

ఉద్యోగాలా? ఇద్దరివీ పోయాయి. నేను దుంగల లారీకెళ్ళాను, ఆవిడ హోటల్లో దుప్పట్లు మార్చింది. కానీ జనం వదల్లేదు, ఊరి పెద్దల ప్రతి సమావేశానికీ వెళ్ళి వెనక వరసలో కూర్చోవడమే. మరుసటేడు ఎన్నికల్లో పెద్దలు మారారు, కింగ్ గారి పేరు ఓటుకి పెడితే నాలుగు చేతులు లేచాయి, మూడు లేవలేదు. పేరు గెలిచింది! మా ఉద్యోగాలూ తిరిగొచ్చాయి.

మొదటి అసలు సెలవు రోజున ఊరేగింపు ముందు ఆవిడే నడవాలని పువ్వులు పట్టుకుని వెళ్ళాను. ఇంట్లో లేదు. చూస్తే చర్చి కింది గదిలో, చెమటలు కక్కుతూ, ఇంత పెద్ద గిన్నెలో ఆకుకూర తిప్పుతోంది. “ఇదేంటక్కా, నువ్వు కొట్లాడి తెచ్చిన సెలవు!” అన్నాను. “బడి మూశారు కదరా, బడి అన్నం మీద బతికే పిల్లలు ఇవాళేం తింటారు? ఆ పువ్వులు అక్కడ పెట్టి ఉల్లిపాయలు తరుగు” అంది. పదకొండేళ్ళు, ఒక్క ఏడూ ఆ సెలవు తీసుకోలేదు మహాతల్లి.

పదకొండో ఏడు వంటయ్యాక... ఆ మార్చిలో పోయింది. తర్వాతి జనవరి నేను ఆ మెట్లు దిగేసరికి పొయ్యి చల్లగా ఉంది. పిల్లలు మాత్రం వచ్చేసి వరసలో నిలబడ్డారు. నాకు స్టీరింగ్ తప్ప గరిటె తెలుసా? మొక్కజొన్న రొట్టె మాడ్చేశాను. తిన్నారు పాపం. ఒక చిన్నది మాత్రం ప్లేటు చాపి, “తాతా, ఆవిడ ఎప్పుడొస్తుంది?” అని...

ఊఁ.

ఆ కాఫీ చల్లారిపోయింది, కాస్త వేడి చేసి పట్రా.