ఈస్టర్ నాటి సాక్ష్యం

ఆదివారం ఆరాధన అయ్యాక, లాలాగూడలో ప్రభుదాస్ ఇల్లు. సంఘమంతా కలిసి వెళ్లే యెరూషలేము యాత్రకు ఇన్సూరెన్స్ చేయిస్తున్న ఐజాక్, ల్యాప్‌టాప్ తెరిచి ప్రభుదాస్, అతని భార్య కాంతమణిల ఎదురుగా కూర్చున్నాడు.

“బీపీ లేదు, షుగర్ లేదు. ఎముకల జబ్బేమన్న ఉందా ఆంటీ?”

“లేదు.”

“జెర ఆగు ఐజాక్. కాంతమణీ, ఆలోచించి చెప్పు.”

“ఆలోచించేదేముంది? లేదని కొట్టు బిడ్డా.”

“ఉంటే ఉందని చెప్పుడే మంచిది ఆంటీ. ప్రీమియం జెర పెరుగుతది, అంతే. చెప్పకుంట పోయి అక్కడ మెట్ల మీద పడి తుంటి విరిగిందనుకోండి, పాత స్కానింగులన్ని తీస్తరు. పైసా ఇయ్యరు.”

“విన్నవా?”

“విన్న. లేదు.”

“మాత్రలేమన్న వాడుతున్నరా?”

“నువ్వుంటివి గద ఈస్టర్ నాడు. సంఘం ముందర సాక్ష్యం చెప్పిన గద. ఎముకలు గుల్లబారినయన్నరు, దేవుడు ముట్టిండు, మాత్రలు బంద్ చేసిన అని.”

“ఉన్న ఆంటీ. అందరు ఏడ్చిన్రు ఆరోజు... అరె, నెట్ పోయింది. బాల్కనీలకు పోయి చూస్త.”

“పోయిండా?”

“పోయిండు. మెల్లగ మాట్లాడండి.”

“బంద్ చేసినవా? మరి నేను యాప్రాల్ దాంక పోయి తెచ్చేటియి ఎవరికి?”

“మెల్లగ అంటున్న గద.”

“మోండా మార్కెట్ల గిన్నెల దుకాణం పెట్టుకొని, పక్కనే మందుల షాపుండంగ, సంఘపోళ్లు చూస్తరని అంత దూరం స్కూటర్ తోలుతున్న. వారానికొక మాత్ర కోసం. నేను గిన్నెకు సొట్ట ఉంటే సొట్ట చూపించి అమ్ముత. దాచి అమ్మితే తిరిగి నా కొట్టుకే వస్తది.”

“నేను గిన్నెను గాను.”

“ఎందుకట్ల చెప్పినవ్?”

“ఆరోజు నొప్పి లేకుండె. మైకు చేతికిచ్చిన్రు. జెర తగ్గిందన్న, చప్పట్లు కొట్టిన్రు. మిగతాది దానంతటదే వచ్చింది. తెల్లారి లేస్తే నడుం మళ్ల అట్లనే ఉండె.”

“తెల్లారి చెప్పకపోయినవ్?”

“ఎవరికి? దానికి మైకు ఎవరిస్తరు?”

“అయితే యాత్రకే వద్దు.”

“ఎందుకు రారని అడుగుతరు. దానికేం చెప్తరు?”

“ఆంటీ, వచ్చింది నెట్. ఏం రాయాలె?”

“చెప్పిన గద. లేదని రాయి.”

“అంకుల్?”

“ఆమెది ఆమెనే చెప్తది.”

“సరే. మా అమ్మకు సుత లేదనే రాసిన.”

“డోరాకా? డోరాకు నాకన్న ముందుగాల వచ్చింది గద ఈ జబ్బు. ఇద్దరికి ఒకటే డాక్టరు.”

“ఉందని రాస్తే సంతకం పెట్టనన్నది. మీ సాక్ష్యం విన్న రోజే మాత్రలన్ని చెత్తల పారేసింది. కాంతమణికి చేసిన దేవుడు నాకు చెయ్యడా అంటది. ఇప్పుడు గోడ పట్టుకోనిదే లేస్తలేదు. ఎంత చెప్పినా వింటలేదు. సరే ఆంటీ, సబ్మిట్ కొట్టాల్నా?”

“ఆగు.”

“కాంతమణీ, ఇంటికాడ ఆలోచిద్దాం తియ్యి, పిల్లగాని ముందర...”

“ఇదే గద ఇల్లు. మీరుండండి. ఐజాక్, మీ అమ్మకు ఫోన్ కలుపు. నేను మాత్రలు ఒక్క వారం సుత ఆపలే.”