పుస్తకం తెరుచుకున్న చోటు

రండి, దగ్గరికి జరగండి. గుమ్మంలో కూర్చోకు, వచ్చేపోయేవాళ్ళు తొక్కుతారు. చాప చాలకపోతే నా పక్కన కూర్చో. ఆ చరిత్ర పుస్తకం ఇలా ఇయ్యి. ఇదిగో, ఈ వాక్యం. "విదేశాంగ మంత్రిగారి దూరదృష్టి వల్ల వంతెన యుద్ధం తప్పింది." ఎవరు రాశారో ఏమో. అప్పుడాయన రెండు కళ్ళకీ కట్టు ఉంది. ఎదురుగా పెట్టిన మంచినీళ్ళ గ్లాసే కనపడేది కాదు, దూరదృష్టట.

నాకెలా తెలుసంటావా? మీ ఈ చిన్నమ్మమ్మ ఆ గదిలోనే కూర్చుని ఉంది కనుక.

కళ్ళ ఆపరేషన్ అయ్యి ఆయన చదవలేకపోతున్నాడు, తడబడకుండా చదివే మనిషి కావాలన్నారు. బడి నుంచి నన్ను పంపారు. ఒప్పందాలూ ఉత్తరాలూ చదవాలి కాబోలనుకుని వెళ్ళాను. మొదటిరోజే బైబిలు చేతిలో పెట్టారు.

నవ్వకు. ఆయన చెడ్డవాడు కాడు. ఒకరి దగ్గర చెయ్యి చాచి ఎరగడు, అబద్ధమాడి ఎరగడు. మన దేశం ఎవరితో ఎలా మెలగాలో ఆ గ్రంథంలో ముందే రాసిపెట్టి ఉందని ఆయన నమ్మకం. గోధుమల ఫైలు వస్తే యోసేపు కరువు కథ చదివించేవాడు. ఓడరేవు ఫైలు వస్తే సముద్రంలో కలిసిన తూరు పట్టణం. గోడ మీది మ్యాపులో, ఏటి అవతలి దేశం మీద పెన్సిలుతో 'ఉత్తరదేశపు రాజు' అని రాయించాడు. కార్యదర్శి చదువుకున్నవాడు, ఊరుకోలేక, "అయ్యా, అక్కడ రాజు లేడండి, ఎన్నికలు జరుగుతాయి" అన్నాడు. "దానియేలు ప్రవక్త నాటికి ఎన్నికలు లేవు, ఆయన్ని తప్పుపట్టకు" అన్నాడు మంత్రి. కార్యదర్శి అది కూడా రాసుకున్నాడు.

మా అక్క, అంటే మీ అమ్మమ్మ, కాపురం ఉన్నది ఆ ఏటి అవతలే. వంతెన దిగితే మూడో ఇల్లు. మీ అమ్మా, మీ మేనమామా కవలలు కదా, అప్పటికి నాలుగేళ్ళు. ఇది గుర్తుపెట్టుకోండి. పరీక్షలో రాదు గానీ కథలో వస్తుంది.

వంతెన ఫైలు వచ్చింది. వంతెన పేల్చేసి, అవతలి ఒడ్డుని ఫిరంగులతో కొట్టాలని సైన్యాధికారుల సలహా. "ఒకటో తారీఖున దేవుణ్ణి అడిగి చెప్తాను" అన్నాడు మంత్రి.

అడగడమంటే ఎలాగో చూపిస్తాను. పుస్తకాన్ని ఇలా వెన్ను మీద నిలబెట్టి రెండు చేతులూ వదిలేసేవాడు. ఎక్కడ తెరుచుకుంటే అక్కడ నేను చదవాలి. అప్పటిదాకా నా ఎదుట ఆరుసార్లు అడిగాడు. నాలుగుసార్లు దానియేలు వచ్చింది, ఉత్తరదేశపు రాజూ దక్షిణదేశపు రాజూ కొట్టుకునే చోటు. రెండుసార్లు తూరు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలనేవాడు.

ఏదీ, నీ సైన్సు పుస్తకం నిలబెట్టి వదులు. కప్ప బొమ్మ వచ్చిందా? మళ్ళీ వదులు. మళ్ళీ కప్పేనా? ఆ కప్ప నీకేమైనా చెప్పాలనుకుంటోందంటావా? లేదు నాయనా. నువ్వు రోజూ ఆ పేజీ విరిచి చూస్తావు, అంతే. ముప్ఫై ఏళ్ళు పిల్లల పుస్తకాలు కుట్టి అట్టలేసినదాన్ని, నాకు తెలీదా. పాపం పెద్దాయన పైవాడి మాట అనుకుని వింటున్నది తన బొటనవేలి మాట.

ఆయనకి చెప్పొచ్చుగా అంటావు. చెప్పాను. "అయ్యా, పుస్తకం కుట్టు అక్కడ వదులైందండి" అన్నాను. "అక్కడే ఎందుకు వదులైందో ఆలోచించావా టీచరమ్మా?" అన్నాడు. దానికి జవాబు మీ దగ్గరుంటే చెప్పండి.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన ఒక అరగంట కునుకు తీసేవాడు. ఆ అరగంటా నేను యోనా కథ ఉన్న చోట పుస్తకం విరిచి, పైన పేపర్‌వెయిట్ పెట్టి కూర్చునేదాన్ని. ఇరవై రెండు మధ్యాహ్నాలు. దానియేలు దగ్గర తెరుచుకోకుండా కుట్టుకి సన్నగా జిగురు పూశాను. దానికీ దీనికీ మధ్య పదిహేను కాగితాలుంటాయేమో, అంతే.

యోనా తెలుసుగా? ఆయన్ని చేప మింగిన సంగతి కాదు, దాని తరవాతది. నలభై రోజుల్లో ఈ ఊరు నాశనమైపోతుందని వీధి వీధీ తిరిగి చాటాడు. ఊరు భయపడి తప్పు ఒప్పుకుంది. దేవుడు మనసు మార్చుకున్నాడు. ఊరు బతికినందుకు ప్రవక్త అలిగాడు, తన మాట పోయిందని. ఊరి బయట ఎండలో కూర్చుని మరీ అలిగాడు.

ఒకటో తారీఖు వచ్చింది. కార్యదర్శి ఉన్నాడు, సైన్యాధికారులిద్దరున్నారు. మంత్రి పుస్తకం నిలబెట్టి చేతులు వదిలాడు. యోనా. గొంతు సవరించుకుని చదివాను. చివర్న దేవుడే ప్రవక్తని అడుగుతాడు, కుడేదో ఎడమేదో తెలియనివాళ్ళు లక్షకి పైగా ఉన్నారే, పశువులున్నాయే, అలాంటి ఊరి మీద నేను జాలిపడకూడదా అని. కథ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

"అవతలి ఊళ్ళో కుడి ఎడమ తెలియనివాళ్ళు ఎంతమంది?" అన్నాడు మంత్రి. పెద్ద అధికారి ఫైలంతా తిరగేశాడు. అందులో ఫిరంగుల లెక్క ఉంది, ఈ లెక్క లేదు.

"నాకు తెలిసి ఇద్దరండి," అన్నాను. "చెప్పులు ఇప్పటికీ తారుమారుగా వేసుకుంటారు."

ఆయన గ్లాసు కోసం తడుముకుంటే అందించాను. నీళ్ళు తాగి, "పశువులు?" అన్నాడు.

"ఒక మేకండి."

"ఫైలు వెనక్కి పంపండి" అన్నాడు. మీ పుస్తకంలో రాసిన దూరదృష్టి ఇదీ.

తరవాతెప్పుడో మా బావ, అంటే మీ తాతయ్య, చెప్పాడు, అవతలి మంత్రి దగ్గరా అదే పుస్తకం ఉండేదట. అందులో దక్షిణదేశపు రాజు మనమేనట. అక్కడ కుట్టుకి జిగురు ఎవరు పూశారో నాకు తెలీదు.

చప్పట్లు కొట్టకండి. ఇందాక ఓడరేవు ఫైలన్నాను, గుర్తుందా? వేరే దేశపు ఓడరేవది. అందులోకి ఓడ అన్నది రానివ్వకూడదని ఆ ఫైలు. వంతెన సంగతి రాకముందు మాట. ఆ రోజు తూరు వచ్చింది. కుట్టు సంగతి నాకు అప్పటికే తెలుసు. పేపర్‌వెయిట్ ఆ బల్ల మీదే ఉంది, మధ్యాహ్నాలూ ఉన్నాయి. నేను మాత్రం వచ్చింది వచ్చినట్టు చదివాను. గొంతు బాగుందని మెచ్చుకున్నారు కూడా. ఆ చలికాలమంతా ఆ ఊరికి మందుల ఓడ రాలేదు. అక్కడ కుడి ఎడమ తెలియనివాళ్ళు ఎంతమందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ఊళ్ళో నాకు అక్క లేదు.

చదివాక ఏం చేశానంటావా? ఏం చేస్తాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాను.

అదిగో, మీ అమ్మ పిలుస్తోంది. వెళ్ళండి, చల్లారకముందే తినండి. చెప్పులు చూసి వేసుకో. అది ఎడమది.