మొదటి రెండు నిమిషాలు

కాలేజీ ప్రాజెక్టుగా తీయబోయే థ్రిల్లర్ సినిమా మొదటి సన్నివేశాన్ని కూతురు తల్లి చేతిలో పెట్టింది. తల్లి వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదివి, కళ్లజోడు తీసింది.

"తాళం తిప్పిన చప్పుడు వినగానే పాప మంచం కింద దూరుతుంది. ఇది నువ్వే కదూ?"

"అవునమ్మా."

"మీ నాన్న వచ్చేసరికి నిద్రపోయేదానివనుకున్నానే!"

"కళ్లు మూసుకునేదాన్ని, అంతే. మంచం కింద దూరాలని మాత్రం ఉండేది. నీకు బాధగా ఉంటే మార్చేస్తాను."

"మార్చొద్దు. కానీ ఇందులో తల్లి ఏడుస్తూ కూర్చుంది. నేనెప్పుడు ఏడ్చాను?"

"మరేం చేసేదానివి?"

"చెవులు రిక్కించి వినేదాన్ని. మీ నాన్న చెప్పులు విప్పి విసిరేస్తే ఆ పూట గండమే. మెల్లగా విప్పితే ఊపిరి పీల్చుకునేదాన్ని."

"అమ్మా, అదే కావాలి నాకు! ఆయన మొహం చూపించను. చెప్పులే చూపిస్తాను. చూసేవాళ్లకి గుండె దడదడలాడాలి."

"తల్లి వేషం ఎవరేస్తున్నారు?"

"ఇంకా ఎవరూ దొరకలేదు."

"నేను వేస్తాను. ఒక్క షరతు. నీ చెయ్యి పట్టుకుని నేను బయటికొచ్చేసిన రోజు కూడా ఇందులో ఉండాలి."

"ఇది మొదలేనమ్మా, మొత్తం రెండు నిమిషాలే."

"పదకొండేళ్లు ఆలోచించాను గానీ, తలుపు తీసుకుని వచ్చేయడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదే. రాసుకో."